పటేలింటి పెండ్లిల సుమలత

పాలగిన్నె తేవమ్మ చందమామా, పసుపు కొమ్ము తేవమ్మ చందమామా, కాలు జాపు పెండ్లికొడుక చందమామా... అగో, అటెన్క మర్చిపోయిన. మామిడాకు అని ఒక మాట వస్తది, మేనత్త అని ఒకటి వస్తది, నడుమ ఏముంటదో యాదికొస్తలేదు. ఏందే సౌజన్యా, నవ్వుతున్నవ్? నానమ్మకు పాటలు గూడ వస్తయా అనా? మా నాయిన పెండ్లికొడుకు కాళ్ల కాడ కూసోని గోళ్లు తీస్తుంటే ఆడోళ్లు చుట్టు నిలవడి ఈ పాట వాడేది. నేను మా నాయిన ఎనుక పాలగిన్నె పట్టుకొని కూసునేదాన్ని. సరే గని, జర ఇట్ల రా, కూసో. ఆ ఫోను పక్కకు వెట్టు. పొద్దుగాల నువ్వు మీ నాయినతోని అన్న మాట నేను ఇన్న. ఐతారం నా ఆఫీసు దోస్తులొస్తున్నరు డాడీ, వాళ్లు పోయేదాంక నువ్వు షాపుల్నే ఉండు, ఎవరన్న అడిగితే బిజినెస్ అని చెప్త అన్నవ్. మా దశరథ ఏమన్నడు? సరే బిడ్డా అన్నడు. కండువ భుజం మీద ఏసుకొని కటింగ్ షాపుకు పోయిండు. నేను నిన్ను తిట్టనీకె పిలువలే బిడ్డా, నీ మీదొట్టు. నాకు పొద్దటిసంది గుండెల దడదడ అంటుంది, గంతే. బీపీ గోలి ఏసుకున్న. తగ్గలే. ఈ దడ గోలీలకు తగ్గేది గాదు, నాకెరుకే. మా సుమలత ఉన్నప్పుడు మొదలైన దడ ఇది.

సుమలత ఎవలంటవా? నువ్వు చూడలేదు. మీ అమ్మ కడుపుల నువ్వు ఉన్నప్పుడే పోయింది. మా తమ్ముడు సిద్దిరాములు బిడ్డ. నాకు మేనకోడలు, మీ నాయినకు మరదలు. మా ఊరు చౌటుప్పల్ దాటినంక శానా లోపలికి. మాది మంగలి ఇల్లు. ఊరందరికి గడ్డాలు గీసుడు, ఎంట్రికలు కత్తిరిచ్చుడు, పెండ్లిళ్లల్ల పెండ్లికొడుకు గోళ్లు తీసుడు, అన్నీ మా తమ్ముడే. మీసాలు నెరిసిన మనిషిని, పటేలింటి పోరగాడు, ఇంతుంటడు, చెడ్డీ గూడ సక్కగ లేదు, 'అరేయ్ సిద్దిగా, మా నాయిన రమ్మంటుండు' అని వాకిట్ల నిలవడి పిలిచేది. ఈడు 'వస్తున్న దొరా' అని పెట్టె సంకన వెట్టుకొని ఉరికేది. గందుకే మా తమ్మునికి ఒక్కటే పట్టు. నా కొడుకు ఈ కత్తి పట్టొద్దు. కొడుకు శేఖర్‌ను చదివిచ్చిండు. చదువుల మార్కులు మాత్రం సుమలతకే ఎక్కువ, ఆ బడి మొత్తంల అదే ఫస్టు. గని ఒక్కరిని చదివియ్యనీకె తాకతున్నది, ఇద్దరికి లేదు. ఆ ఒక్కరు ఎవలు అని అడిగినోళ్లు గూడ లేరు బిడ్డా, మేం గూడ అడుగలే, అడగాల్నని తెల్వదు. శేఖర్ దిల్‌సుఖ్‌నగర్ల రూము తీసుకొని డిగ్రీ అన్నడు, అటెన్క గ్రూప్స్ కోచింగ్ అన్నడు. అన్నకు వండివెట్టనీకె చెల్లెను తోలిన్రు. ఇంటరు పుస్తకాలు ఎవలివో అడుక్కొని సంచిల ఏసుకొని వచ్చింది పిల్ల. అవి సంచిలనే ముసలివైనయి.

వాడు కోచింగ్‌కు పోంగనే ఇది గల్లీలు తిరిగేది. ఇప్పుడు మెట్రో మెట్లు దిగుతం సూడు, గాడ ఎనుకకు ఒక గల్లి, మీద మూడో అంతస్తుల బ్యుటీషియన్ కోర్సు నేర్పుతుండిరి. మిగిలిన కూరగాయల పైసలు, అప్పటికే ఎల్‌బీ నగర్ల కాపురమున్న నేనిచ్చిన పైసలు కలిపి చేరింది. మా తమ్ముడు ఊరి నుంచి బియ్యం ఏసుకొని వచ్చిన నాడు అడిగిండు. ఏం కోర్సు బిడ్డా? బ్యుటీషియన్ నాయినా. అంటే ఏం జేస్తరే? ఆడోళ్లకు ఎంట్రికలు కత్తిరిచ్చుడు, మొఖానికి క్రీము రాసుడు, కాళ్లు నీళ్లల్ల వెట్టి కడిగి గోళ్లు తీసుడు. వాడు ఆ బియ్యం మూట మీదనే కూలవడి నవ్విండు సూడు! కండ్లల్ల నీళ్లొచ్చినయి. 'ఓసి నీ! ఏ పని తప్పియ్యాల్నని నేను గొర్లమ్మి వాన్ని చదివిస్తున్ననో, ఆ పని నువ్వు ఫీజు గట్టి నేర్చుకుంటున్నవా! నన్నడిగితె పుణ్యానికి నేర్పుదు గదనే!' ఇది నవ్వలే. 'గది వేరే, ఇది వేరే నాయినా. గీడ మేడమ్ అంటరు' అన్నది.

నిజంగనే అన్నరు బిడ్డా! నాకు ఇప్పటికి గూడ అదే ఆశ్చర్యం. ఎల్‌బీ నగర్ దాటినంక అప్పుడప్పుడే కాలనీలు లేస్తున్నయి, ఆంధ్ర నుంచి వచ్చినోళ్లు, బ్యాంకోళ్లు, టీచర్లు ఇండ్లు కట్టుకుంటున్నరు. ఆడ ఒక షట్టర్ కిరాయికి తీసుకొని లేడీస్ పార్లర్ వెట్టింది. సర్టిఫికెట్ అద్దం కట్టిచ్చి గోడకు తగిలేసింది. నేను ఊడ్సుడు, నీళ్లు కాగవెట్టుడు, తువ్వాలలు ఆరేసుడు. కత్తెర అదే గద. ఎంట్రికలు అయ్యే గద. అదే కత్తెర మా తమ్ముని చేతిల ఉంటే సిద్దిగా. శేఖర్ ముంగట వెడితే పాము లెక్క ఎనుకకు ఉరుకుతడు, డిగ్రీ చదివినోన్ని నాకిది చెప్తరా అని. చెల్లె సంపాయించిన పైసలతోని రూము కిరాయి కట్టుకుంట ఏండ్లకేండ్లు గా పరీక్షలే రాసిండు. ఇదేమో కత్తెర పట్టుకోని సుమ గారు అయింది, మేడమ్ అయింది. మాట గూడ మార్చింది బిడ్డా, వాళ్ల లెక్క. 'కూర్చోండి, తల కొంచెం ఎత్తండి, నొప్పిగా ఉందాండీ' అంటుంటే నేను చీపురు పట్టుకొని గట్లనే చూసేదాన్ని, ఈ పిల్ల మా ఇంట్ల పుట్టిందేనా అని. ఇందిరాదేవి అని ఒకామె ఉండె, గుంటూరు దిక్కు మనిషి, బడిల టీచరు. మనిషి మంచిది, మాట నెమ్మది. కాలనీల సగం మంది ఆడోళ్లను ఆమెనే తోలుకొచ్చింది. ఒకనాడు కుర్చీల కూసోని అడిగింది. 'సుమ గారూ, మీ నాన్నగారు ఏం చేస్తారండీ?' కనుబొమ్మలు తీస్తున్న దారం చేతిల ఒక్క గడియ ఆగింది. 'వ్యవసాయమండీ' అన్నది. నేను ఎనుక తిరిగి తువ్వాల మడత పెట్టవట్టిన. గీ దడ గదో, గప్పుడు మొదలైంది.

ఆ ఇందిరాదేవి బిడ్డకు పెండ్లి కుదిరింది. పెండ్లిపిల్లను తయారు జేసుడు సుమలతకే. అప్పట్ల అది శానా పెద్ద పని. ఆ పెండ్లిల చూసినోళ్లు పది మంది పిలుస్తరు. ఇది సంబురంగ పిన్నులు, పూలు, రంగులు అన్నీ కొనుక్కొస్తుంది. గప్పుడు ఎస్టీడీ బూతు నుంచి మా తమ్ముడు ఫోన్ జేసిండు, పక్కింటోళ్లకు. అక్కా, మన పటేలు చిన్న కొడుకు పెండ్లి, మీ ఎల్‌బీ నగర్ల ఫంక్షన్ హాల్ల, పిల్లది గుంటూరు దిక్కట, టీచరమ్మ బిడ్డట, నన్ను గోళ్లు తీయనీకె రమ్మన్నరు, నీ ఇంట్లనే దిగుత అని. నా చేతిల ఫోను అట్లనే ఉన్నది. రెండు పెండ్లిళ్లు గావు, ఒక్కటే! బిడ్డేమో పెండ్లిపిల్ల దిక్కు మేడమ్, తండ్రేమో పెండ్లికొడుకు దిక్కు మంగలి. సుమలతకు చెప్తే మొఖం తెల్లవడ్డది. 'అత్తా, నాయినను రావద్దను. జరం వచ్చిందని చెప్పుమను. నీ కాళ్లు మొక్కుత. ఇందిరాదేవి గారికి తెలిస్తే ఇగ కాలనీల నా మొఖం చూస్తరా?' అని ఒకటే ఏడ్సుడు. పెండ్లి పని నువ్వే వదులుకో అంటే, అది వదిలితె షట్టరే మూసుకోవాలె అన్నది.

మా తమ్ముడు ముందు రోజే వచ్చిండు. కొత్త ధోతి, నెత్తికి పటక. కత్తులన్నీ నూరి నూనె రాసుకున్నడు. నేను అన్నం పెట్టుకుంట మెల్లగ చెప్పిన. ఇన్నడు. ముద్ద మింగిండు. 'అక్కా, నేను పోకుంటే వాళ్లు నెయిల్ కట్టర్ కొనుక్కుంటరు. ఒక్కసారి కొనుక్కుంటే ఇగ మల్ల పిలువరు. మా తాత తీసిన గోళ్లు అక్కా అవి, ఆ ఇంట్లయి. నా తర్వాత ఎట్లాగు లేదు. ఉన్నన్నాళ్లు నాది నన్ను చేసుకోనియ్యి' అన్నడు. అటెన్క చెయ్యి కడుక్కొని అన్నడు, 'దానికి చెప్పు, భయపడొద్దని. నేను నా బిడ్డను గుర్తువట్ట. నేను కింద, అది మీద. ఎదురైనా మాట్లాడ.' సరే అన్న నేను. ఇంకేమనాలె చెప్పు? గుర్తువట్ట అని తండ్రి మాటిస్తుంటే సరే అన్న.

ఫంక్షన్ హాల్ల మీది అంతస్తుల పెండ్లిపిల్ల గది. నేను పిన్నులందిస్తున్న. పటేలమ్మ రెండు మూడుసార్లు తొంగిచూసి పోయింది. నాకు పెండ్లయి ఊరు ఇడిసినంక ఆమె కాపురానికొచ్చింది, నా మొఖం ఎరుగదు. సుమలతను గూడ చిన్నప్పుడు చూసిందే, గిప్పుడు గీ చీర, గీ జుట్టు చూసి ఏం గుర్తువడ్తది. అయినా నేను కొంగు నెత్తి మీదికి గుంజుకున్న. ఆమె సుమలతను జూసి 'మేడమ్, మా కోడలు జడ జర పొడుగ్గ కనవడేటట్టు ఎయ్యండ్రి' అని శానా మర్యాదగ అడిగింది. దొరసాని! మా తమ్ముని పెండ్లాన్ని ఒసేయ్ అని పిలిచేటి దొరసాని, ఇంత వంగి మేడమ్ అన్నది. నాకు కడుపుల సంబురం, గుండెల భయం, రెండూ ఒకటేసారి. ఇగ అయిపోవస్తుంది, గండం గడిచినట్టే అనుకుంటున్న. అంతల మల్ల వచ్చింది పటేలమ్మ. ఎనుక పాలగిన్నె పట్టుకొని ఒక పిల్ల, ఆ ఎనుక మా తమ్ముడు. 'మా పద్ధతిల పెండ్లిపిల్ల కాలి గోళ్లు గూడ మా మంగలే తీయాలె వదినా, పీటల మీద కూసునే ముంగట, ఒక్క గడియల అయితది' అన్నది. ఇందిరాదేవి 'అయ్యో, అలాగే వదినగారూ, దానికేముంది' అన్నది.

సుమలత పెండ్లిపిల్ల తల కాడ నిలవడ్డది, చేతిల దువ్వెన. తండ్రి కాళ్ల కాడికి వచ్చిండు. అది అడ్డం నిలవడి ఉన్నదని దానికే తెలుస్తలేదు, కొయ్యబారింది. వాడు తల వంచుకొనే అన్నడు. 'జర పక్కకు జరుగుండ్రి మేడమ్.' బిడ్డా... ఆ మాట వాడు ఎంత సక్కగ అన్నడంటే, నేను అక్కను గాకపోతే నేను గూడ నమ్ముదు. అది జరిగింది. వాడు కింద కూసున్నడు. అప్పటికే కండ్లకు చత్వారం, అద్దాలు ఊర్లనే మర్చి వచ్చిండు. చెయ్యి వణుకుతుంది, కండ్లు కనవడక వణికెనో, బిడ్డ నిలవడ్డదని వణికెనో. ఆ పెండ్లిపిల్లేమో, 'మమ్మీ, ఆ కత్తికి తుప్పుందేమో చూడు, సెప్టిక్ అయిపోద్దమ్మా, నెయిల్ పాలిష్ ఇప్పుడే వేశారు' అని కాలు ఎనుకకు గుంజుతుంది. వీడు పట్టుకుంటడు, అది గుంజుతది. జర ఉంటే తెగుతది. పెండ్లి పీటలెక్కే ముంగట పెండ్లిపిల్ల కాలికి రక్తం వస్తే ఇంకేమన్న ఉన్నదా? ఆ రెండు దిక్కుల చుట్టాలు వాన్ని అక్కడ్నే బొంద వెడుదురు. గప్పుడు సుమలత వంగింది. 'ఇలా ఇవ్వండి పెద్దాయనా, పాలిష్ పాడవుతుంది, నేను చేస్తాను' అన్నది, వాళ్ల మాటల్నే, బయటామె లెక్క. బలే ఆలోచన గద! ఎవలకు అనుమానం రాకుంట, తండ్రి పరువు పోకుంట. ఇగ గండం దాటినమే అనుకున్న.

గని దాని చెయ్యి ఉన్నది సూడు. మా ఇంట్ల కత్తి పట్టినోళ్లకు ఒక అలవాటు. కత్తి మొనను ముందుగాల తన బొటనవేలి గోరు మీద సన్నగ గీసి పదును చూసుకుంటరు, అటెన్క కత్తి ఎన్నును రెండు కండ్లకు అద్దుకుంటరు. మా తాత గట్లనే, మా నాయిన గట్లనే. ఎవలూ నేర్పరు, చూసి చూసి వస్తది. సుమలత చిన్నప్పుడు మొద్దుబారిన కత్తి పట్టుకొని తండ్రి పక్కన జామాకుల మీద గీసుకుంట ఆడుకునేది. శేఖర్ పారిపోయేది, ఇది కూసునేది. ఆ కత్తి చేతిలకు రాంగనే బొటనవేలి గోరు మీద గీసింది, రెండు కండ్లకు అద్దుకున్నది. అద్దుకున్నట్టు దానికే తెల్వదు బిడ్డా. పార్లర్ల ఎన్ని వందల గోళ్లు తీసింది, ఒక్కనాడు గట్ల చెయ్యలే. మడమ మోకాలు మీద ఆనిచ్చుకొని, పాలల్ల ముంచి, ఒక్క చుక్క రంగు చెదరకుంట తీసింది. తలెత్తేవరకు పటేలమ్మ ముక్కు మీద ఏలేసుకోని చూస్తుంది. ఆ ఇంట్ల ఎన్ని పెండ్లిళ్లు చూసింది ఆమె, మా తమ్ముడు కత్తిని కండ్లకద్దుకునుడు ఎన్నిసార్లు చూసింది! 'ఓసి! నువ్వు మా సిద్దిగాని బిడ్డవానే! సుమలతవు గదనే! ఎంతదానివైనవే! ఇందాకటిసంది మేడమ్ మేడమ్ అనుకుంట నీ ముంగట నేను భయం భయంగ నిలవడ్డ గదనే!' అని పగలవడి నవ్వింది. కోపం ఏం లేదు, నిజంగ సంబురమే, గదువ గూడ పట్టుకున్నది. 'మేడమట, మేడమ్!' గదిల ఆడోళ్లందరు నవ్విన్రు. ఇందిరాదేవి నవ్వలే. 'అదేంటి సుమా, మీ నాన్న వ్యవసాయం అన్నావు కదా?' అని మెల్లగ అడిగింది. మా తమ్ముడే లేచి నిలవడి చేతులు కట్టుకొని, 'రెండెకరాలున్నదమ్మా, అబద్ధం గాదు' అన్నడు. అంతే. పోయేటప్పుడు పటేలమ్మ మంగలికిచ్చే కట్నం చేట తెప్పిచ్చింది. బియ్యం, ఎండుకొబ్బరి కుడుక, తువ్వాల, రైక ముక్క. 'తండ్రిది బిడ్డది కలిపి ఏసిన, మనోళ్లే గద, మల్ల వేరే ఇచ్చుడెందుకు' అన్నది. ఆటోల నడుమ ఆ చేట, అటు తండ్రి, ఇటు బిడ్డ. వాడు ఒక్కటే మాట అన్నడు. 'నేను మేడమ్ అన్న గదనే... కత్తెందుకు గుంజుకున్నవ్?' 'నీ చెయ్యి వణికింది నాయినా' అన్నది.

ఎవలన్న వచ్చి కొట్లాడినా మంచిగుండు. ఎవలు ఏమనలే. ఒక్కొక్కరే తగ్గిన్రు. ఇదివరకు టైమ్ అడిగి వచ్చి బెంచీ మీద కూసునేటోళ్లు, ఇగ పనిపిల్లతోని కబురు. 'పిల్లా, మా అమ్మగారు ఇంటికొచ్చి చేసిపొమ్మన్నది.' ఊర్ల మా తమ్ముడు పెట్టె సంకన వెట్టుకొని ఇల్లిల్లు తిరిగినట్టు ఇది గూడ తిరగాలె! ఇది పోలే. కుర్చీలు ఖాళీ. సర్టిఫికెట్ గోడ మీదనే ఉన్నది, దాన్నెవలు చూస్తలేరు. మధ్యాహ్నాలు ఏం తోచక నన్ను అద్దం ముంగట కూసోవెట్టి, కనుబొమ్మలు దిద్దే పెన్సిల్‌తోని అద్దం మీద అ, ఆ రాసింది. రాయత్తా అన్నది. ఈ వయసుల నాకెందుకే అంటే, ఊకె కూసుంటే నాకు పిచ్చి లేస్తుందత్తా అన్నది. నా మొఖం మీద అక్షరాలు కనవడేది, నవ్వొచ్చేది. నేను పేపరు చదువుతున్న అని నువ్వు నీ దోస్తులకు గొప్పగ చెప్తవ్ గద. దాని గిరాకి పోవట్టే నాకు చదువొచ్చింది బిడ్డా. గిది ఎవలకు చెప్పాలె? నాకు అక్షరాలు వచ్చినకొద్దీ ఆ పిల్ల మీద పానం గుంజేది. శేఖర్ ఒకనాడు వచ్చి, 'ఆ కత్తి ముట్టకపోతే ఏమైతుండె, నాకొచ్చే సంబంధాలు గూడ చెడగొట్టినవ్' అని లొల్లి జేసిండు. దానికి సంబంధాలు రాలేదా అంటే, వచ్చినయి, షట్టర్ మూస్తే చేసుకుంటమన్నరు. మూయ అన్నది. తర్వాత తర్వాత దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్ పిల్లలు ఒక్కరిద్దరు రావట్టిన్రు, నర్సింగ్ చదివేటోళ్లు, కోచింగోళ్లు. వాళ్లు తండ్రి ఏం జేస్తడని అడుగరు. అక్కా అక్కా అని మీదవడేది. మంచిగనే ఉన్నది గదనే అంటే, 'మంచిగనే ఉన్నదత్తా' అనేది. గని ఎవలన్న షట్టర్ కాడ చెప్పులు ఇడిస్తే సాలు, చీర సదురుకొని నిలవడేది, పెద్ద కాలనీ మనిషి ఎవలన్న వచ్చిన్రేమో అని.

మేడమ్ అనిపిచ్చుకోవాల్నని ఉండుడు తప్పెట్లయితది, నేనెందుకంటా? నువ్వు గూడ ఊకెనే మేడమ్ గాలేదు, ఎన్ని పరీక్షలు రాసినవ్. ఐతారం నీ దోస్తులకు నువ్వేం చెప్పుకుంటవో నీ ఇష్టం. గని పొద్దుగాల మీ నాయిన సరే బిడ్డా అన్నడు సూడు, అది మా తమ్ముని గొంతే. అచ్చం. గందుకే దడ. ఏమో, నాకు తెల్వదు బిడ్డా. కంట్లె నీళ్లేం తేకు, నేనేమన్న అన్ననా?

నువ్వు మీ అమ్మ కడుపుల ఉన్న ఏడు, వానలు వడ్డప్పుడు జరం వచ్చింది సుమలతకు. మామూలు జరమే అనుకున్నం. దవాఖానల వేసినంక రక్తంల ఏదో తగ్గిందన్నరు. కాళ్ల కాడ మా తమ్ముడు కూసోని పాదాలు వత్తుతుండు. నేను పక్కన కూసున్న. పక్క మంచానికొచ్చిన నర్సు 'ఏమ్మా, కొంచెం తిన్నవా' అని అడిగిపోయింది. సుమలత కండ్లు తెరిచింది. నన్ను దగ్గరికి రమ్మన్నది. జుట్టు మొఖం మీద వడితే నేను సదిరిన. పెదవులు ఎండిపోయినయి. అన్నది గదా, 'అత్తా, నువ్వింటికి వో. పొద్దుగాల పోయి షట్టర్ లేపు, ఊడ్సు. ఎవలన్న వస్తే కూసోవెట్టు. మా పిల్ల వస్తది అనకు. మేడమ్ వస్తారు, కూర్చోండి అను.'